"పొద్దున చూద్దాంలే": ఎమర్జెన్సీకి ఎప్పుడు వెళ్ళాలి, ఎట్లా వెళ్ళాలి

డ్యూటీ దిగి రూములో వంట చేసుకుంటూ వినేవాళ్ళకు, మజ్రాలో ఒక్కరే ఉండి వినేవాళ్ళకు, ఇంట్లో పనులన్నీ అయ్యాక చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని మెల్లగా వినే అక్కాచెల్లెళ్ళకు, అందరికీ నమస్కారం. వినడానికి వీలు లేనివాళ్ళ కోసం ఎప్పటిలాగే మాట మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఈరోజు హాస్పిటల్ గురించి మాట్లాడుకుందాం. అది కూడా ఒక్క విషయమే: కువైట్‌లో ఎమర్జెన్సీకి ఎప్పుడు పరిగెత్తాలి? నేను డాక్టర్ని కాను, డ్రైవర్ని. పదహారేళ్ళుగా ఇక్కడ బండి నడుపుతున్నాను. నా బండిలో సరుకులు ఎక్కాయి, పిల్లలు ఎక్కారు, రోగులూ ఎక్కారు. ఆ చివరి రకం ప్రయాణాల్లో నేర్చుకున్నదే ఈరోజు చెప్పేది. ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పి మొదలుపెడతాను.

అప్పుడు మేము జిలీబ్‌లో ఒక రూములో ఆరుగురం ఉండేవాళ్ళం. అందరిలో పెద్దాయన రాజంపేట దగ్గర ఊరాయన, మేమంతా అన్నా అనే పిలిచేవాళ్ళం. యాభై దాటాయి, షుగర్ ఉంది. ఒక రాత్రి రెండు గంటలప్పుడు లేచి కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నాడు. "ఏమన్నా?" అంటే, "గ్యాసబ్బీ. రాత్రి కూర కారమైంది. సోడా తాగితే పోతాది" అన్నాడు. సోడా తాగాడు, పోలేదు. ఏసీ నడుస్తూనే ఉంది, అయినా బనియన్ తడిసిపోయింది. ఎడమ చెయ్యి బరువుగా ఉండాదన్నాడు.

మాలో ఒకడు హాస్పిటల్‌కి పోదామన్నాడు. అన్నే వద్దన్నాడు, "పొద్దున అయిదుకు డ్యూటీ ఉండాది, నలుగురి నిద్ర పాడు చేయడం దేనికి?" అని. అప్పుడు నేనన్న మాట ఇది: "సరేలే అన్నా, పొద్దున చూద్దాంలే." అని పడుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు నిద్ర కావాలి, ఆ మాట అందుకే వచ్చింది.

ఆరున్నరకు ఆయన బాత్రూం దగ్గర కూలబడ్డాడు. బండిలో వేసుకుని వెళ్ళాం. ఈసీజీ తీసిన డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి ఎప్పుడు మొదలైంది?" రెండింటికి అని చెప్పాను. ఆయన గోడ మీద గడియారం చూశాడు. ఏమీ అనలేదు. ఆ చూపు నాకింకా గుర్తుంది.

అన్న బతికాడు. కానీ గుండె కండరం కొంత పోయింది. బరువు పని చేయకూడదన్నారు. మూడు నెలలకు ఫైనల్ ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయాడు. పెద్ద కూతురి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. నాలుగున్నర గంటల ముందు తీసుకెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. కానీ రక్తనాళం మూసుకుపోయినప్పుడు దాన్ని ఎంత త్వరగా తెరిస్తే గుండె అంత మిగులుతుందని తర్వాత తెలుసుకున్నాను. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకు పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతటా డాక్టర్లు పెట్టుకున్న నియమం. వాళ్ళు నిమిషాలు లెక్కపెడుతుంటే మనం పొద్దున దాకా ఆగాం.

అందుకే ఈ ఎపిసోడ్‌లో ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. లెక్క మొదలయ్యేది జబ్బు మొదలైన నిమిషం నుంచి. కఫీల్ ఒప్పుకున్నప్పటి నుంచి కాదు, సెలవు దొరికినప్పటి నుంచి కాదు, తెల్లారినప్పటి నుంచి కాదు.

మనం ఎందుకు ఆగుతామో ముందు ఒప్పుకుందాం. తెలియక ఆగేవాళ్ళు కొందరే. ఎక్కువమంది భయపడి ఆగుతారు. డబ్బు భయం ఒకటి. ప్రవాసులకు ఎమర్జెన్సీలో ఫీజు ఉంది, 2022 డిసెంబరు నుంచి మందులకని ఇంకో 5 దినార్లు కలిపారు. నెలకు నూరు, నూటిరవై దినార్లు వచ్చేవాడికి అది చిన్న మొత్తం కాదు. రెండోది డ్యూటీ భయం, జీతం కోస్తారని. మూడోది భాష, అరబిక్‌లో ఏం చెప్పాలో తెలియదు. నాలుగోది అన్నిటికంటే పెద్దది, పోలీసు భయం. ఇకామా లేనివాళ్ళకు, మనవాళ్ళు ఖల్లివల్లి అంటారే వాళ్ళకు, హాస్పిటల్ గేటు కూడా పోలీస్ స్టేషన్ గేటులాగే కనిపిస్తుంది.

ఈ నాలుగో భయం ఎంత ప్రమాదమో 2025 ఆగస్టులో చూశాం. కల్తీ సారా తాగి మనుషులు వరసగా హాస్పిటళ్ళలో చేరారు. ఆగస్టు 14 నాటికి ఆరోగ్య శాఖ చెప్పిన లెక్క 160 కేసులు, 23 మరణాలు. చాలామందికి డయాలసిస్ చేశారు, కొందరికి చూపు పోయింది. బాధితులంతా ఆసియా దేశాలవాళ్ళే. దాదాపు 40 మంది భారతీయులు హాస్పిటళ్ళలో ఉన్నారని మన ఎంబసీ అప్పట్లో చెప్పింది.

అందులో ఉన్న విషం మిథనాల్. అది మామూలు మత్తులాగే మొదలవుతుంది. తాగినవాడు నిద్రపోతాడు, లేచాక తలనొప్పి, వాంతులు. తాగినందుకే అనుకుంటాడు. లోపల లివర్ ఆ మిథనాల్‌ని ఫార్మిక్ ఆసిడ్‌గా మారుస్తూ ఉంటుంది. దానికి టైము పడుతుంది, చాలామందిలో 12 నుంచి 24 గంటలు. ఆ తర్వాత కళ్ళ ముందు మంచు కురిసినట్టు మసక, ఆయాసం, కడుపునొప్పి. కంటి నరం దెబ్బ తింటుంది. దీనికి విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది, కానీ అవి ముందుగా వెళ్ళినవాళ్ళకే బాగా పనిచేస్తాయి. ఈ దేశంలో మందు తాగడమే నేరం. అందుకని రూములో ఉన్నవాళ్ళు "కొంచెం చూద్దాం, దిగిపోతుందిలే" అనుకుంటారు. తాగడం తప్పా ఒప్పా అనే పంచాయితీ ఈరోజు వద్దు. రూములో ఒకడు తాగి మరుసటి రోజు కళ్ళు మసకంటే, ఆ నిమిషమే బయల్దేరాలి. అతనితో కలిసి తాగినవాళ్ళు బాగానే ఉన్నా వాళ్ళూ వెళ్ళాలి. డాక్టరు దగ్గర నిజం చెప్పాలి. "ఏం తాగలేదు సార్" అంటే ఆయన వేరే జబ్బు కోసం వెతుక్కుంటూ కూర్చుంటాడు, పోయేది మీ కళ్ళు.

సరే, ఏవేవి ఆగకూడనివి? ఒక్కొక్కటి చెప్తాను, రాసుకున్నా మంచిదే.

ఛాతీలో బరువు, నొక్కినట్టు నొప్పి, అది చేతికో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమట, ఆయాసం. షుగర్ ఉన్నవాళ్ళకు, ఆడవాళ్ళకు నొప్పి పెద్దగా లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, వాంతి వచ్చినట్టు ఉండడంతోనే గుండెపోటు రావచ్చు. "గ్యాస్" అనే మాట మన రూముల్లో చాలామందిని ముంచింది. అది గ్యాసో కాదో చెప్పాల్సింది ఈసీజీ, మనం కాదు.

మూతి ఒక పక్కకు లాగడం, ఒక చెయ్యి పైకి ఎత్తితే కిందికి జారిపోవడం, మాట ముద్దగా రావడం. ఇది పక్షవాతం. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అందుకే ఆ మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడు కనిపించాడో టైము గుర్తుపెట్టుకోండి, డాక్టరు అదే అడుగుతాడు.

వడదెబ్బ. ఇక్కడి ఎండ సంగతి మీకు నేను చెప్పాలా? 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ ఒకటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. కానీ నాలుగు దాటినా ఎండ ఎండే. పని చేస్తున్నవాడు తలా తోకా లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్ళు కాలిపోతున్నా అది నీరసం కాదు, ప్రాణం మీదికి వచ్చింది. అంబులెన్స్‌కు ఫోన్ చేసి ఊరికే ఎదురు చూడకండి. నీడకు లాగండి, బట్టలు వదులు చేయండి, ఒళ్ళంతా నీళ్ళు పోయండి, విసరండి, చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

చలికాలంలో దీనికి తిరగబడి ఇంకొకటి. ఎడారిలో, మజ్రాలో, టెంటులో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు మూసి పడుకోవడం. ఏటా ఈ వార్త వింటూనే ఉంటాం. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వాంతులు, కళ్ళు తిరగడం వస్తే ముందు బయటికి రండి, తర్వాత ఫోన్ చేయండి.

ఇంకా చాలా ఉన్నాయి. ఊపిరి అందకపోవడం. అయిదు నిమిషాలైనా ఆగని ఫిట్స్. తలకు దెబ్బ తగిలి వాంతులు కావడం. రక్తం కక్కడం, తారులాగా నల్లటి విరేచనం. గర్భిణికి రక్తం పోవడం. షుగర్ మనిషి లేపినా లేవకుండా మగతగా ఉండడం. ముఖం, గొంతు, ఒళ్ళు పెద్దగా కాలడం. మందో తిండో పడక మొహం ఉబ్బి గొంతు మూసుకుపోవడం.

ఇంకొకటి, మనం జబ్బుల్లో లెక్కవేయనిది. రూములో ఎవరైనా "ఇంక బతకాలని లేదు" అంటే, వస్తువులు పంచిపెడుతుంటే, దాన్ని మాటవరసకు తీసుకోకండి. ఒంటరిగా వదలకండి. అది కూడా ఎమర్జెన్సీనే. తీసుకెళ్ళండి.

ఆగగలిగేవి కూడా చెప్పాలి కదా. జలుబు, దగ్గు, రెండు రోజుల మామూలు జ్వరం, నడుము నొప్పి, బీపీ మాత్రలు అయిపోవడం, దద్దుర్లు, ఇట్లాంటివాటికి మీ ఏరియా క్లినిక్ ఉంది, ముస్తౌసఫ్. ఫీజు తక్కువ. అక్కడి డాక్టరు అవసరమనుకుంటే పెద్ద హాస్పిటల్‌కి కాగితం రాస్తాడు. చిన్నదానికి ఎమర్జెన్సీకి వెళ్తే గంటలు గంటలు కూర్చోవాల్సి వస్తుంది. ఒకసారి అట్లా కూర్చున్నవాడు, రేపు నిజంగా అవసరం పడినప్పుడు "అక్కడికి పోయినా కూర్చోబెడతారులే" అని ఆగిపోతాడు. అది అన్నిటికంటే ప్రమాదం.

ఇప్పుడు ఎట్లా వెళ్ళాలో చూద్దాం. నంబరు 112. పోలీసుకు, ఫైరుకు, అంబులెన్స్‌కు ఒకటే నంబరు. కలవగానే "ఇస్ఆఫ్" అనండి, అంటే అంబులెన్స్. ఇంగ్లీషు ముక్కలు వచ్చినా సరిపోతుంది. అడ్రసు చెప్పే వరస ఇది: ఏరియా పేరు, కిత్తా అంటే బ్లాక్ నంబరు, వీధి, బిల్డింగు, అంతస్తు. మన బిల్డింగు గుమ్మం దగ్గర గోడకు ఒక చిన్న పలక ఉంటుంది, దాని మీద పాసి వాళ్ళ నంబరు ఉంటుంది. దాన్ని ఈరోజే ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి. ఆ నంబరుతో బిల్డింగు దొరికిపోతుంది. వఫ్రా, అబ్దలీ వైపు మజ్రాల్లో ఉన్నవాళ్ళకు వీధి పేర్లుండవు. వాళ్ళు మ్యాపులో తమ చోటు గుర్తుపెట్టి ఇద్దరు దోస్తులకు ముందే పంపి ఉంచాలి. ఒకరు కిందికి దిగి రోడ్డు మీద నిలబడి అంబులెన్స్‌కు చెయ్యి ఊపాలి.

గుండె నొప్పి వచ్చినవాడు తనే బండి నడుపుకుంటూ పోకూడదు. ఇది డ్రైవరుగా చెప్తున్నా. దారిలో స్పృహ తప్పితే పోయేది ఒక్క ప్రాణం కాదు.

సర్కారు హాస్పిటల్ ఏది దగ్గరో కూడా తెలిసుండాలి. జిలీబ్, ఫర్వానియా, ఖైతాన్ వాళ్ళకు ఫర్వానియా హాస్పిటల్. హవల్లీ, సాల్మియా వాళ్ళకు జాబ్రియాలో ఉన్న ముబారక్. ఫహాహీల్, మంగాఫ్, మహబూలా వాళ్ళకు అదాన్. సిటీలో మాలియా, షర్క్ వాళ్ళకు అమీరీ. జహ్రా వాళ్ళకు జహ్రా హాస్పిటల్. టాక్సీ వాడికి "హవాదిస్" అనండి, నేరుగా ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర దింపుతాడు.

తీసుకెళ్ళాల్సినవి నాలుగే: బతాకా, అది దొరక్కపోతే ఫోనులో మొబైల్ ఐడీ, రోజూ వేసుకునే మాత్రల స్ట్రిప్పులు, పేర్లు చెప్పలేకపోయినా చూపించొచ్చు, ఛార్జర్, కొంచెం డబ్బు. బతాకా కోసం అరగంట వెతకొద్దు. ప్రాణం ముందు, కాగితం తర్వాత. ఇకామా లేనివాడికి కూడా నేను చెప్పే మాట అదే. కేసులు, జరిమానాలు తర్వాత ఎంబసీతో, తెలిసినవాళ్ళతో మాట్లాడుకుని తేల్చుకోవచ్చు. పోయిన ప్రాణం గురించి ఎవరితోనూ మాట్లాడుకోలేం.

లోపల ముందు ఒక నర్సు చూస్తుంది. బీపీ, నాడి, ఆక్సిజన్ చూసి ఎవరిది ఎంత ప్రమాదమో లెక్క వేస్తుంది. దాన్ని ట్రయాజ్ అంటారు. అక్కడ ముందు వచ్చినవాడికి ముందు అనే పద్ధతి లేదు. ముందు ప్రాణం పోయేలా ఉన్నవాడికి ముందు. మీ తర్వాత వచ్చినవాడిని లోపలికి తీసుకెళ్తే "మనం హిందీ కాబట్టి ఆపారు" అని కోపం తెచ్చుకోకండి. కానీ కూర్చున్నాక నొప్పి ఎక్కువైనా, చెమట పట్టినా మొహమాటపడి ఊరుకోకుండా మళ్ళీ లేచి చెప్పండి.

చెప్పడానికి నాలుగు మాటలు నేర్చుకోండి. వజా అంటే నొప్పి. సదర్ అంటే ఛాతీ. "మాకు నఫస్" అంటే ఊపిరి ఆడట్లేదు. సుక్కర్ అంటే షుగర్, దగ్త్ అంటే బీపీ. హసాసియా అంటే ఏదో మందు పడకపోవడం. వార్డుల్లో మలయాళీ నర్సులు చాలామంది ఉంటారు. హిందీ, ఇంగ్లీషు కలిపి చెప్తే ఓపిగ్గా వింటారు. నాకు ఎన్నోసార్లు వాళ్ళే సాయపడ్డారు.

ఇళ్ళల్లో పనిచేసే అక్కలకు ఒక మాట. మీ కష్టం వేరే, నాకు తెలుసు. తలుపు తీసుకుని బయటికి పోలేరు. "మామా, నాకు బాగాలేదు" అంటే మాత్ర ఇచ్చి పడుకోమంటారు. బాగాలేదు అనే మాట చాలదు. ఎక్కడ, ఎప్పటి నుంచి అనేది చెప్పండి: "మామా, సదర్ వజా, మాకు నఫస్." అది విన్నాక ఊరుకునే మనిషి అరుదు. అయినా ఊరుకుంటే 112 మీ ఫోనులోనూ పనిచేస్తుంది. దగ్గర్లో ఉండే మనవాళ్ళ నంబర్లు రెండు ఫోనులోనే కాదు, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

ఊళ్ళో ఉండి వినేవాళ్ళకు కూడా ఒకటి. కడప నుంచో కోనసీమ నుంచో ఫోనులో "కషాయం తాగు, ఆ మాత్ర వేసుకో" అని ప్రేమతోనే చెప్తారు. పైన చెప్పిన లక్షణాల్లో ఏది విన్నా ఆ మాట చెప్పకండి. "ఫోన్ పెట్టేసి ముందు హాస్పిటల్‌కి పో, అక్కడి నుంచి ఫోన్ చెయ్యి" అనండి. డబ్బు గురించి దిగులుపడేది మీ కోసమే కదా. మీరు పొమ్మంటే పోతారు.

డబ్బు లేదంటే ఏం చేయాలి? మా రూములో అన్న సంగతి తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. మనిషికి నెలకు ఒక దినార్ ఒక డబ్బాలో వేస్తాం. ఎవరికి ఎమర్జెన్సీ వచ్చినా ఆ డబ్బాలోంచి తీస్తాం, ఎవరినీ అడగక్కర్లేదు, తిరిగి ఇవ్వక్కర్లేదు. ఇంకో నియమం కూడా ఉంది. హాస్పిటల్‌కి పోవాలా వద్దా అనేది జబ్బుపడినవాడు తేల్చడు. వాడు వద్దనే అంటాడు. పక్కనున్న ఇద్దరు పోదామంటే పోవాల్సిందే. ఈ నియమం పెట్టాక మూడుసార్లు వెళ్ళాం. రెండుసార్లు నిజంగానే గ్యాస్. ఈసీజీ బాగుందని పంపించేశారు. ఆ రెండుసార్లు పోయిన డబ్బు గురించి ఎవరికీ బాధ లేదు. మూడోసారి అపెండిక్స్. పగలకముందే ఆపరేషన్ చేశారు. ఆ పిల్లాడు ఇప్పుడు ఈ మైకు పక్కనే కూర్చుని నన్ను తొందరపెడుతున్నాడు, టైమైందని.

మొన్న అన్నకు ఫోన్ చేశాను, ఈ ఎపిసోడ్‌లో నీ సంగతి చెప్పొచ్చా అని. చెప్పమన్నాడు. "నీ తప్పేముండాదబ్బీ, నేనే కదా వద్దంటి" అన్నాడు. ఊళ్ళో చిన్న చిల్లర అంగడి పెట్టుకున్నాడు. బియ్యం బస్తా ఎత్తాలంటే పక్కింటి పిల్లోడిని పిలుస్తాడు. ఆయన వద్దన్నాడు, నిజమే. కానీ ఆ రాత్రి ఆయన మాట వినకుండా బండి తాళాలు తీసుకోవాల్సిన మనిషిని నేను.

ఈ రాత్రి పడుకునే ముందు మూడు పనులు చేయండి. బిల్డింగు పలక ఫోటో తీసుకోండి. రూములోవాళ్ళకు 112 చెప్పండి. డబ్బా ఒకటి పెట్టండి. పక్కన ఎవరైనా ఛాతీ రుద్దుకుంటుంటే మాత్రం, పొద్దున చూద్దాంలే అనకండి.

మళ్ళీ వారం కలుద్దాం. జాగ్రత్తగా ఉండండి. ఉంటానండి.